యంత్రానికి దొరికిన అంగీ

2024 ఏప్రిల్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక చిత్రమైన గురుపట్టాభిషేకం జరిగింది. కథోలిక విశ్వాసం గురించి సామాన్యుల సందేహాలకు జవాబులు చెప్పడం పనిగా పెట్టుకున్న 'కేథలిక్ ఆన్సర్స్' అనే సంస్థ, కంప్యూటర్ తెర మీద మాట్లాడే ఒక ఫాదర్‌ని తయారుచేసింది. పేరు ఫాదర్ జస్టిన్. గడ్డం, మెడ దగ్గర తెల్ల పట్టీ, నల్లటి అంగీ. మనిషి కాదు, కృత్రిమ మేధ. అడిగినవాళ్లతో తాను నిజమైన గురువునేనని చెప్పుకున్నాడు. పాపసంకీర్తనం విని పాపక్షమాపణ కూడా ఇచ్చేశాడు. అత్యవసరమైతే బిడ్డకి గేటరేడ్ అనే పానీయంతో జ్ఞానస్నానం ఇవ్వవచ్చా అని అడిగితే ఇవ్వవచ్చన్నాడు. గొడవ అయింది. రోజుల వ్యవధిలోనే ఆ సంస్థ అతని అంగీ విప్పించి మామూలు బట్టలు తొడిగింది. 'ఫాదర్' పోయి ఒట్టి 'జస్టిన్' మిగిలాడు.

ఈ సంగతి చదివి చాలామంది నవ్వుకున్నారు. పత్రికలు కూడా ఒక తమాషాగానే రాశాయి. యంత్రం గురువు కాగలదా, కాలేదా అని వేదాంతులు చర్చించారు. నాకు తోచిన ప్రశ్న వేరు. ఒక గురువు బొమ్మనే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, జ్ఞానాన్నీ అధికారాన్నీ స్ఫురింపజేయడానికి, గురువుల పట్ల గౌరవంతో అలా చేశామని ఆ సంస్థ చెప్పింది. ఈ జవాబు దగ్గర మనం ఆగాలి. జ్ఞానం, అధికారం అనగానే వాళ్ల కళ్ల ముందు నిలిచిన రూపం అంగీ తొడుక్కున్న మగవాడిది. ఊళ్లలో పిల్లలకి జపాలు నేర్పే సిస్టరుది కాదు. యాభై ఏళ్లు వేదాంతం చదివి, రాసి, పాఠం చెప్పిన స్త్రీది కాదు. ప్రాణం లేని ఒక వస్తువు తొలి ప్రయత్నంలోనే గురువు వేషంలోకి రాగలిగింది. కథోలిక స్త్రీ ఎన్నడూ రాలేకపోయింది. యంత్రాన్ని ఆ వేషంలోంచి దించడానికి గొడవ చేయవలసి వచ్చింది. స్త్రీని ఎక్కించకుండా ఆపడానికి ఒక చట్టమే ఉంది. జ్ఞానస్నానం పొందిన పురుషుడు మాత్రమే చెల్లుబాటయ్యే విధంగా గురుపట్టం పొందగలడని శ్రీసభ చట్టంలో 1024వ నియమం చెబుతుంది.

నేను విశ్వాసిని కాను. ఆ మతంలో పుట్టినదాన్నీ కాను. అలాంటప్పుడు ఈ గొడవ నీకెందుకని అడగవచ్చు. మతమూ స్త్రీల శ్రమా నా పరిశోధనాంశాలు కావడం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం, మన రాష్ట్రాల్లో వేలాది స్త్రీలు శ్రీసభ బళ్లలో, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో పని చేస్తున్నారు, చదువుకుంటున్నారు, వైద్యం పొందుతున్నారు. వాళ్లలో దళిత స్త్రీలు చాలా ఎక్కువ. శ్రీసభలో అధికారం ఎవరిదన్నది వాళ్ల రోజువారీ బతుకు ప్రశ్న. ఇక క్రైస్తవుల మీద దాడులు చేసేవాళ్లు ఈ విమర్శను చూసి సంబరపడనక్కరలేదు. గర్భగుడిలో అర్చకత్వాన్ని పుట్టుకతో, కులంతో, పురుషత్వంతో ముడిపెట్టిన సంప్రదాయంలో పుట్టినదాన్ని నేను. ఆ సంగతి మరిచిపోయి ఇది రాయడం లేదు.

యంత్రం గురించి శ్రీసభ చెప్పింది

ముందుగా న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. కృత్రిమ మేధ గురించి ఈ కొన్నేళ్లలో వాటికన్ చెప్పిన మాటల్లో చాలావాటితో నాకు పేచీ లేదు. 2020 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్, ఐబిఎం వంటి కంపెనీలతో కలిసి నైతిక నియమాల పత్రం మీద సంతకాలు చేయించారు. కంపెనీలను కట్టడి చేసే శక్తి ఆ కాగితానికి లేదన్నది వేరే సంగతి. 2024 జూన్‌లో పోపు ఫ్రాన్సిస్ ఇటలీలో జరిగిన జి-7 సమావేశానికి వెళ్లి, మనిషి ప్రాణం తీసే నిర్ణయం ఏ యంత్రానికీ ఉండకూడదని అన్నారు. ఆ దేశాల నాయకుల ముఖం మీద ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు.

2025 జనవరి 28న వాటికన్‌లోని రెండు శాఖలు, విశ్వాస సిద్ధాంత శాఖ, సంస్కృతి విద్యా శాఖ కలిసి 'ఆంతీక్వా ఎత్ నోవా' అనే పత్రాన్ని విడుదల చేశాయి. అందులోని వాదన స్థూలంగా ఇది. యంత్రం చేసేది పని మాత్రమే, దాన్ని మేధ అనడం పొరపాటు. మనిషి మేధ శరీరంలో ఉంటుంది. తోటి మనుషులతో సంబంధంలో ఉంటుంది. ఆకలి, నొప్పి, ప్రేమ, చావు తెలిసిన అనుభవంలోంచి పుడుతుంది. బాధ్యత వహించగలిగేది మనిషే. యంత్రాన్ని మనిషిగా చూపించడం తప్పు, మోసగించడానికి అలా చూపించడం ఘోరమైన తప్పు. ఈ యంత్రాల మీద పెత్తనం కొద్ది కంపెనీల చేతుల్లో పోగుపడుతోందని కూడా ఆ పత్రం హెచ్చరించింది.

2025 మేలో ఎన్నికైన పోపు 14వ లియో మరో అడుగు వేశారు. తన యంత్రప్రతిమను తయారుచేసి, కావలసిన ప్రతివాళ్లకూ పోపుతో ముఖాముఖి కల్పిస్తామని కొందరు అనుమతి అడిగితే తాను ఒప్పుకోలేదని ఒక ముఖాముఖిలో చెప్పారు. పోపు పోలిక ఉన్నంత మాత్రాన అది పోపు కాదని దీని అర్థం. చాలా సరైన మాట.

కానీ ఆ మాటను చివరిదాకా లాగి చూడాలి. మనిషికి విలువ, ఆధ్యాత్మిక అధికారం వచ్చేది పోలిక వల్ల కాదు, పాఠాన్ని అప్పజెప్పగలగడం వల్ల కాదు, అనుభవం వల్ల, సంబంధం వల్ల, బాధ్యత వల్ల అయితే స్త్రీకి ఏం తక్కువైంది?

స్త్రీ గురించి శ్రీసభ చెప్పింది

1976లో ఇదే విశ్వాస సిద్ధాంత శాఖ, స్త్రీలకు గురుపట్టం ఎందుకు ఇవ్వకూడదో వివరిస్తూ ఒక ప్రకటన చేసింది. అందులో రెండు వాదనలున్నాయి. ఒకటి, క్రీస్తు పన్నెండుమంది అపొస్తలులుగా మగవాళ్లనే ఎంచుకున్నాడు, శ్రీసభ ఎన్నడూ స్త్రీకి పట్టం కట్టలేదు, కాబట్టి కట్టకూడదు. రెండు, బలిపూజలో గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు, కాబట్టి అతనికి క్రీస్తుతో సహజమైన పోలిక ఉండాలి, ఆ పోలిక స్త్రీలో కనిపించదు. 1994 మే 22న పోపు 2వ జాన్ పాల్, స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకు బొత్తిగా లేదనీ, విశ్వాసులందరూ ఈ తీర్పును శాశ్వతంగా పాటించాలనీ ప్రకటించారు. 1995లో అదే శాఖ, ఈ మాటకు ఇక తిరుగులేదని మళ్లీ నొక్కి చెప్పింది.

ఈ రెండు వాదనలనూ ఇప్పుడు యంత్రం గురించి రాసిన పత్రం పక్కన పెట్టి చదవండి. పోలిక చాలదని యంత్రానికి చెప్పారు. పోలిక లేదని స్త్రీకి చెప్పారు. యంత్రం దగ్గర శరీరానుభవం అతి ముఖ్యమైంది. స్త్రీ దగ్గరకి వచ్చేసరికి శరీరంలో ఒక అవయవ నిర్మాణం మాత్రమే ముఖ్యమైంది. ప్రసవించి, పాలిచ్చి, రోగుల దగ్గర రాత్రంతా కూర్చుని, శవానికి స్నానం చేయించిన శరీరం క్రీస్తు స్థానంలో నిలబడడానికి పనికిరాదు.

సంప్రదాయం వాదన ఇంకా విచిత్రమైంది. ఇదివరకు లేదు గనక ఇకమీదట ఉండకూడదు అనే తర్కం ఎక్కడ విన్నట్టుంది? ఈ యంత్రాలు పని చేసేది సరిగ్గా అలాగే. పాత రాతలన్నీ పోగుచేసి, ఏ మాట తరువాత ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కగట్టి, రాబోయే మాటను ఊహిస్తాయి. గతంలో గురువు అన్నచోటల్లా 'అతడు' అని ఉంటే రేపు కూడా అవి 'అతడు' అనే అంటాయి. యంత్రానికి వివేచన లేదని చెప్పిన శ్రీసభ, స్త్రీల విషయంలో తన వివేచనను పక్కన పెట్టి యంత్రంలాగే ప్రవర్తిస్తోంది.

ఇది కొత్త గొడవ కాదు. 1968లో మేరీ డేలీ, ఆ తరువాత రోజ్‌మేరీ రాడ్‌ఫర్డ్ రూథర్, ఎలిజబెత్ ష్యూస్లర్ ఫియొరెంజా వంటి వేదాంత పండితులు శ్రీసభ పురుషాధిపత్యాన్ని దాని గ్రంథాల్లోంచే ఎండగట్టారు. డేలీ చివరికి విసిగి శ్రీసభను వదిలిపెట్టారు. మిగతా ఇద్దరూ లోపల ఉండే పోట్లాడారు. ఈ వాదనలకు జవాబు రాలేదు, కమిషన్లు వచ్చాయి. గురుపట్టం కాదు, అంతకన్నా కింది మెట్టయిన డీకన్ పదవి స్త్రీలకు ఇవ్వవచ్చా అని పరిశీలించడానికి పోపు ఫ్రాన్సిస్ 2016లో ఒక కమిషన్, 2020లో మరొక కమిషన్ వేశారు. 2024 అక్టోబరులో సినడ్ ఆ ప్రశ్న తెరిచే ఉందన్నది. 2025 డిసెంబరులో బయటికి వచ్చిన రెండో కమిషన్ నివేదిక ఇప్పటికి వద్దంది, ఇదే చివరి మాట కాదని కూడా అంది. యంత్రం గురించి పత్రాలు కొద్ది ఏళ్లలో వచ్చాయి. స్త్రీల గురించి ఇంకా పరిశీలిస్తున్నారు.

మార్పులు రాలేదని నేననను. 2023 సినడ్‌లో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. 2025 జనవరిలో సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక శాఖకు అధిపతి అయిన మొదటి స్త్రీ అయ్యారు. అదే రోజు ఒక కార్డినల్‌ని కూడా అదే శాఖలో ఆవిడ పక్కన నియమించారు. మన పంచాయతీల్లో సర్పంచి స్త్రీ అయినప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషిని చూసినవాళ్లకి ఈ ఏర్పాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఎవరి రాతలు, ఎవరి జవాబులు

ఫాదర్ జస్టిన్ పోయినా అటువంటి యంత్రాలు పోలేదు. 2023 నుంచి 'మజిస్టీరియం ఎఐ' అనే యంత్రం శ్రీసభ పత్రాలను వేల సంఖ్యలో తనలో నింపుకుని ప్రపంచమంతటా గురువులకు, ఉపదేశులకు, విద్యార్థులకు జవాబులు చెబుతోంది. అది తప్పు చెబుతుందన్నది నా ఫిర్యాదు కాదు. తనలో నింపిన దాన్ని అది నమ్మకంగానే చెప్పవచ్చు. నా ఫిర్యాదు ఆ నింపిన దాని మీద. శ్రీసభ తన మహాపండితులుగా 38 మందిని గుర్తించింది. వారిలో స్త్రీలు నలుగురు. ఆ నలుగురికీ ఆ గౌరవం 1970లోనూ ఆ తరువాతా మాత్రమే దక్కింది. ఆవిలా తెరెసా చనిపోయి అప్పటికి దాదాపు నాలుగు వందల ఏళ్లు. పోపుల లేఖలు, మహాసభల తీర్మానాలు, చట్టాలు, దాదాపు అన్నీ పెళ్లి చేసుకోని పురుషులు రాసినవే. గర్భం గురించి, కుటుంబ నియంత్రణ గురించి, కొట్టే భర్తతో కాపురం గురించి ఒక స్త్రీ ఆ యంత్రాన్ని అడిగితే, జవాబు ఆ గదిలోంచే వస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఊళ్లో ఫాదర్ చెప్పిన మాటను స్త్రీలు వింటారు, వెనక్కి వచ్చి వంటింట్లో విమర్శిస్తారు. ఆయన ఏ కులంవాడో, ఎవరి పక్షమో, నిన్న ఏమన్నాడో వాళ్లకి తెలుసు. యంత్రానికి కులం, పక్షం కనిపించవు. అందుకే అది చెప్పింది పురుషుల అభిప్రాయంలాగా కాక సత్యంలాగా వినిపిస్తుంది. పితృస్వామ్యానికి ఇంతకన్నా మంచి ముసుగు ఎప్పుడూ దొరకలేదు.

యంత్రమే నయమనే స్నేహితురాళ్లకి

మన స్త్రీవాద స్నేహితుల్లో కొందరు మరో మాట అంటున్నారు. గురువు కన్నా యంత్రమే నయం కదా, అది చెయ్యి పట్టుకోదు, బెదిరించదు, అర్ధరాత్రి కూడా వింటుంది అని. ఈ మాట వెనక ఉన్న బాధ నిజమైంది. 2018లో కేరళలో ఒక స్త్రీ పాపసంకీర్తనంలో చెప్పుకున్న విషయాన్ని అడ్డం పెట్టుకుని ఆమెను లైంగికంగా వేధించారని గురువుల మీద ఆరోపణలు వచ్చాయి. అది కథోలిక సంఘం కాదు, మలంకర ఆర్థడాక్స్ సంఘం. అయినా ఆ సందర్భంలో జాతీయ మహిళా కమిషన్ అసలు పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని సిఫారసు చేస్తే కథోలిక బిషప్పులు గట్టిగా వ్యతిరేకించారు. స్త్రీకి రక్షణ ఎలా అన్న ప్రశ్న మాత్రం ఆ గొడవలో మునిగిపోయింది.

2024 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ పట్టణంలో పీటర్స్ చాపెల్ అనే చర్చిలో పాపసంకీర్తనపు గూటిలోనే ఒక తెర పెట్టి, క్రీస్తు ముఖంతో యంత్రం చేత మాట్లాడించారు. ఇది పాపసంకీర్తనం కాదని, ప్రయోగమని నిర్వాహకులు చెప్పారు. సొంత విషయాలు చెప్పవద్దని వచ్చినవాళ్లని ముందే హెచ్చరించారు. ఆలోచించండి. మనసులో మాట చెప్పుకునే గూడు కట్టి, లోపల మనసులో మాట చెప్పవద్దని బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ మాట ఎక్కడికి పోతుందో వాళ్లకే పూర్తి హామీ లేదు. గురువు పాపసంకీర్తన రహస్యాన్ని బయటపెడితే శ్రీసభ చట్టంలో అతి కఠినమైన శిక్ష ఉంది. అతను నేరం చేస్తే దేశ చట్టం ఉంది. యంత్రం విన్న రహస్యానికి ముద్ర ఎవరు వేస్తారు? భర్త కొట్టాడని, గర్భం పోయిందని, ఫలానా ఫాదర్ అంటే భయమని ఒక పిల్ల చెప్పిన మాట ఏ కంపెనీ గిడ్డంగిలో పడుతుంది?

అంతకన్నా పెద్ద విషయం ఉంది. హింసకు గురైన స్త్రీకి కావలసింది వినే చెవి ఒక్కటే కాదు. విని, లేచి, తనతో పాటు నడిచే మనిషి కావాలి. 2018లో జలంధర్ బిషప్ తనపై అత్యాచారం చేశారని కేరళలో ఒక సిస్టర్ ఫిర్యాదు చేసినప్పుడు, అయిదుగురు తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డు పక్కన దీక్షకు కూర్చున్నారు. ఆ తరువాతే బిషప్ అరెస్టయ్యారు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. 2023లో ఆయన ఆ పదవికి రాజీనామా చేశారు. కోర్టు తీర్పు ఏదైనా, ఆ అయిదుగురి సాహసం మన ఉద్యమ చరిత్రలో భాగం. ఏ యంత్రమూ ఎవరి కోసమూ రోడ్డు మీద కూర్చోదు.

శ్రమ గురించి మౌనం

14వ లియో ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో 2025 మే 10న కార్డినల్స్‌కి వివరించారు. 13వ లియో 1891లో 'రేరుం నొవారుం' అనే లేఖలో మొదటి పారిశ్రామిక విప్లవపు కార్మికుల పక్షాన మాట్లాడారు, ఇప్పుడు కృత్రిమ మేధ మరో పారిశ్రామిక విప్లవం తెచ్చింది అన్నారు. ఆ లేఖ గొప్పదే. కానీ స్త్రీ స్వభావరీత్యా ఇంటిపనికి తగినదని కూడా ఆ లేఖలోనే ఉంది. మగ కార్మికుడి కూలి అతని భార్యాపిల్లల్ని పోషించాలన్నారు. భార్య చేసే పనికి కూలి ప్రసక్తే లేదు.

ఆ మౌనం ఇంకా తెగలేదు. 2018 మార్చిలో వాటికన్ దినపత్రికకు అనుబంధంగా వచ్చే స్త్రీల మాసపత్రిక, కార్డినల్స్, బిషప్పుల ఇళ్లలో వండి, వడ్డించి, బట్టలుతికే సిస్టర్లకు జీతం గానీ, ఒప్పందం గానీ, పని వేళలు గానీ లేవని బయటపెట్టింది. ఏడాది తిరిగేసరికి ఆ పత్రిక సంపాదకురాలు లుచెట్టా స్కరాఫియా, ఆమె బృందం, తమ గొంతు నొక్కుతున్నారంటూ రాజీనామా చేశారు. మరోపక్క ఈ యంత్రాలను మర్యాదస్తుల్ని చేయడానికి కెన్యాలో కార్మికులు గంటకు రెండు డాలర్లకు లోపు కూలికి హింస, అత్యాచారాల వర్ణనలు చదివి గుర్తులు పెట్టారని 2023 జనవరిలో 'టైమ్' పత్రిక రాసింది. యంత్రం వెనక కనిపించని చేతులున్నాయి. గురువు బల్ల వెనక కూడా కనిపించని చేతులున్నాయి. మానవ గౌరవం గురించి రాసేవాళ్లు ఈ రెండు జతల చేతులనూ ఒకేసారి చూడాలి.

మనం ఏం అడగాలి

ఇదంతా రోముకి సంబంధించిన గొడవ అనుకోవద్దు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, తొలి తెలుగువాడు, తొలి దళితుడు అని మనమందరం సంతోషించాం. కులం గోడకి ఒక రాయి ఊడింది. ఆ గోడ పక్కనే మరో గోడ ఉందని గుర్తుచేయడం ఆ సంతోషాన్ని తగ్గించడం కాదు. భారతదేశ బిషప్పుల సమాఖ్య 2010లోనే స్త్రీ పురుష సమానత్వ విధాన పత్రం ప్రకటించింది. దాన్ని చేతిలో పట్టుకుని అడగడానికి మనకు హక్కుంది.

మేత్రాసనాల బళ్లలో, ఆసుపత్రుల్లో, కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఇటువంటి యంత్రాలు పెట్టేముందు అక్కడ పని చేసే స్త్రీలను, సిస్టర్లను సంప్రదించాలి. బాధిత స్త్రీలు చెప్పుకునే మాటలను ఏ యంత్రానికీ అప్పగించకూడదు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన అంతర్గత కమిటీలు కాగితం మీద కాక నిజంగా పని చేయాలి, వాటిలో బయటి సభ్యురాలు ఉండాలి. మతబోధ చేసే యంత్రం ఏదైనా, అది ఎవరి రాతల నుంచి నేర్చుకుందో పైకి చెప్పాలి. ఈ పనుల కోసం పోపు అనుమతి అక్కరలేదు.

గురుపట్టం విషయం కథోలిక స్త్రీలు తేల్చుకోవలసిన పోరాటం. కావాలా వద్దా అన్నది కూడా వాళ్లే చెప్పాలి. పట్టం కోరేవాళ్లున్నారు, అసలు ఆ మెట్ల వరసే వద్దనేవాళ్లూ ఉన్నారు. మన వంతుగా వాళ్ల పక్కన నిలబడి ఒక్క మాట అడగగలం. 'ఆంతీక్వా ఎత్ నోవా' కింద ఉన్న సంతకాలన్నీ మగవాళ్లవే. మనిషి అంటే ఏమిటో నిర్ణయించే పత్రం మీద మనుషుల్లో సగంమంది సంతకం ఎందుకు లేదు? యంత్రానికి ఆత్మ లేదని అంత వివరంగా రాయగలిగిన వారు దీనికి కూడా జవాబు రాయాలి. వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.